పాలపిట్ట దర్శనము – ఒక ధర్మసందేహము

విజయదశమి నాడు జమ్మిపూజ ముగించుకొని, పాలపిట్టను కన్నులార చూచి ఇంటికి మరలుట తెలుగునాట, విశేషించి తెలంగాణమున, తరతరములుగా వచ్చుచున్న ఆచారము. అజ్ఞాతవాసము గడచిన పాండవులు జమ్మిచెట్టుపై దాచిన ఆయుధములను తిరిగి గ్రహించినవేళ ఈ పక్షి వారికి కనబడి జయమును సూచించినదని పెద్దలు చెప్పుదురు. ఆ సాయంకాలము పిన్నలు జమ్మి ఆకును ‘బంగార’మని పెద్దల చేతిలో నుంచి పాదములకు మ్రొక్కుదురు. ఏడాదిపాటు మాటలు లేని ఇరుగుపొరుగులు సైతము ఆనాడు కౌగిలించుకొందురు. ఇంతటి మంగళకరమైన సంప్రదాయమున నేడొక ధర్మసందేహము వచ్చి చేరినది. దానిని సాధారణముగా పెద్దలు అడుగరు, పిల్లలు అడుగుదురు.

హైదరాబాదు నగరమున అమీర్‌పేట, పంజగుట్టలకు వాయవ్యముగా బోరబండ కలదు. పేరులోనే బండ యున్నను, నేడచ్చట బండల కంటె ఇండ్లే ఎక్కువ. ఇరుకు వీథులు, ఒకదాని నొకటి ఆనుకొనిన డాబాలు, వానిపై నీళ్ల ట్యాంకులు, నడుమ అల్లుకొనిపోయిన కరెంటు తీగలు, ఒక అంచున ఎం.ఎం.టి.ఎస్. రైలు స్టేషను – ఇదీ ఆ పేట. జమ్మికొమ్మను సైతము సంతలో కొనవలసిన ఇట్టి చోటికి పాలపిట్ట తనంతట ఎట్లు వచ్చును? మెట్టపొలములలో, పలుచని చెట్లున్న బయళ్లలో తిరుగునట్టి పక్షి అది. కనుకనే పండుగ వచ్చినదనగా దానిని వలలో పట్టి, పంజరములో నుంచి నగరములోనికి తెచ్చి, చూపినందుకు డబ్బు పుచ్చుకొను వాడుక బయలుదేరినది. ఎగిరిపోకుండ కాళ్లు కట్టుదురు. రెక్కలు కత్తిరింతురు, లేదా జిగురుతో అంటింతురు. ఇట్టి పక్షులను అటవీశాఖవారు, జంతుసంరక్షణ సంస్థలవారు హైదరాబాదులో దసరా దినములలో పలుమార్లు విడిపించియున్నారు.

బోరబండలో ఒక తాత తన మనుమని వెంటబెట్టుకొని అట్టి పంజరము కడకు వెళ్లినాడని భావింపవచ్చును. వారిద్దరి నడుమ జరుగగల సంభాషణ ఇట్టిది:

“తాతా, పాలపిట్ట నీలంగ ఉంటదని చెప్పినవు గద! ఇది మట్టిరంగుల ఉన్నదేంది?”

“రెక్కలు ఇప్పితే కనబడుతది బిడ్డా, నీలం.”

“మరి ఇప్పదేంది?”

“కట్టేసిన్రు గద.”

“అయితే మనం చూసింది పాలపిట్టను కాదు గద తాతా!”

తాత చేతిలో అప్పటికే చిల్లర యున్నది. దాని నిచ్చుటయా, మానుటయా? ఇచ్చినచో బాలుని ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. మానినచో తన తండ్రి, తాత నడచిన ఆచారమునకు భంగము కలుగునేమో యను శంక. ఈ సందిగ్ధము చిన్నది కాదు. పిల్లవానికి ధర్మముపై నమ్మకము నిలుచుటయు, సడలుటయు ఇట్టి చిన్న నిమిషములలోనే జరుగును.

బాలుడు అన్నమాటలో మొదట ప్రకృతిసత్య మొకటి యున్నది. పాలపిట్ట కొమ్మపై కూర్చుండినపుడు నెత్తిపైనను, తోకపైనను కొంత నీలిమ కనబడును గాని, రొమ్మంతయు ధూసరవర్ణమే. అది రెక్కలు విప్పి గాలిలోనికి లేచిన క్షణముననే ముదురు నీలము, లేత నీలము పట్టీలు పట్టీలుగా వెలిగి, చూచువారి మనస్సును ఆకాశమున కెత్తుకొనిపోవును. జతకట్టు కాలమున అది పైకెగిరి, దొర్లుచు, పల్టీలు కొట్టుచు క్రిందికి దిగును. అనగా దాని సౌందర్యము దాని స్వేచ్ఛకు వేరుగా లేదు. రెక్క కట్టిన నాడు పక్షి చేతికి చిక్కును, దర్శనము మాత్రము చిక్కదు.

ఇక రెండవది తత్త్వమునకు సంబంధించినది. దర్శన మనగా నేమి? వైష్ణవ గృహములలో ఈ మాటకు గల అర్థము కేవలము చూచుట కాదు. భక్తుడు ఏడు కొండలెక్కి, గంటల తరబడి బారులో నిలిచి, క్షణకాలము స్వామి యెదుట నిలుచును. ఆ క్షణమున తాను స్వామిని చూచితినని గాక, స్వామి తనకు దర్శన మిచ్చెనని చెప్పుకొనును. దర్శనము ‘ఇయ్యబడు’నది, లాగుకొనబడునది కాదు. ఇచ్చువానికి ఇచ్చుటకును, మానుటకును స్వాతంత్ర్యము ఉన్నపుడే ఆ మాటకు అర్థము. పొలము గట్టున నిలిచినవానికి పాలపిట్ట కనబడుట అట్టి అనుగ్రహము. అది రావచ్చును, రాకపోవచ్చును. వచ్చినచో ఆ ఏడు శుభమని మురియుదురు. రాకపోవుటకు అవకాశ మున్నందుననే వచ్చుట శుభసూచక మైనది. పంజరములోని పక్షికి రాకపోవుట అను మార్గమే లేదు. తప్పక కనబడునట్లు కట్టిపెట్టిన దానిని శకునమని ఎట్లు చెప్పవచ్చును?

ఇచ్చట సంప్రదాయజ్ఞు డొకడు ఆక్షేపింపవచ్చును: “సర్వేశ్వరుడే అర్చామూర్తియై అర్చకునికి పరాధీను డగుచున్నాడు గదా! మేలుకొలిపినపుడు మేలుకొనును, పవళింపజేసినపుడు పవళించును. భగవంతుడే బంధమును ఒప్పుకొనగా పక్షికి పంజరము దోషమెట్లు?” ఆక్షేపము బలమైనదే. అయినను భేదము స్పష్టము. స్వామి పరాధీనత ఆయన సంకల్పము. సౌలభ్యమను గుణము చేత తనంత తాను దిగివచ్చినది. ఎవరును వలవేసి తెచ్చినది కాదు. పక్షి పరాధీనత దాని సంకల్పము కాదు. ఆకలి, భయము, కట్టినత్రాడు. సౌలభ్యము ఇచ్చువాని గుణము. దానిని ఇతరులు బలిమిని పుట్టింపలేరు. పైగా, అర్చామూర్తికి జరుగు ఉపచారములన్నియు ఆయన సుఖమును ఎంచి చేయునవి. పంజరములోని పక్షికి జరుగుచున్నది దాని సుఖమును మరచి చేయునది. ఒకటి కైంకర్యము, రెండవది హింస.

భగవద్రామానుజులు ఉపదేశించిన శరీరశరీరి భావమును తలచినచో ఈ విషయము మరింత తేటపడును. చేతనాచేతనములన్నియు పరమాత్మకు శరీరము; ఆయన వాని యందు అంతర్యామి. కుడిచేత శరీరమును గాయపరచుచు ఎడమచేత శరీరిని పూజించుట పొసగునా? నుదుట తిరుమణి ధరించినవాడు రెక్కలకు జిగురంటించిన ప్రాణి యెదుట చేతులు జోడించి జయమును కోరుట, తెలియక చేసినను, ఆ తత్త్వమునకు వెలియైన పని.

రెండవ ఆక్షేపము లోకరీతికి సంబంధించినది: “పక్షిని పట్టినవాడు వేరొకడు, చూచినవాడు చూచినాడు, నాలుగు డబ్బులిచ్చినాడు. అది పేదవానికి చేసిన దానమే గదా!” మాంసభక్షణ విషయమున మనుధర్మశాస్త్రము చంపినవానిని మాత్రమే గాక అనుమతించినవానిని, కొన్నవానిని, అమ్మినవానిని కూడ హింసలో భాగస్థులుగా ఎంచినది. ఇదియు అట్టిదే. చూచుటకు డబ్బిచ్చు చేయి లేనిచో వల పన్ను చేయి ఉండదు. ఈ దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇట్టి అడవిపక్షులను పట్టుటయు, అమ్ముటయు నేరము. చట్టము కన్నులు గప్పి తెచ్చినదానిని పండుగ పేరిట పుణ్యముగా మార్చుట ఎవరికిని సాధ్యము కాదు.

“కొని విడిచిపెట్టినచో పుణ్యమే గదా” అనువారును కలరు. మనసు మంచిదే, ఫలితము మాత్రము వేరు. విడిపించుటకు కొన్నను, చూచుటకు కొన్నను, పట్టినవానికి ముట్టునది ఒకటే వెల. మరుసటి ఏడు వాడు రెండు పక్షులను తెచ్చును. రెక్క కత్తిరింపబడి, తిండి లేక నీరసించిన పక్షిని డాబా మీదినుండి విడుచుట దానిని కాకులకు అప్పగించుట మాత్రమే. అట్టిదానిని చూచినపుడు అటవీశాఖకు తెలుపుట ఉత్తమము. తెలిసినవారు దానికి చికిత్స చేయించి, రెక్కబలము వచ్చిన పిమ్మట తగినచోట విడుతురు.

అయితే పక్షిని పట్టినవాని మాట యేమి? వానిని ద్వేషించి ఊరకుండుట సులభము; ధర్మము కాదు. శ్రీమద్రామాయణమున విభీషణుడు శరణుజొచ్చినపుడు శ్రీరామచంద్రుడు ఒక కపోతము కథను స్మరించెను. తన పెంటిని పట్టిన వేటగాడే తన చెట్టునీడకు రాగా, ఆ పావురము వానిని అతిథిగా నెంచి తన దేహమునే ఆహారముగా నిచ్చెను. శరణాగతధర్మమును స్థాపించుటకు రామునికి దృష్టాంతమైనది ఒక పక్షి! వేటగానిపై పక్షికే దయ కలిగినపుడు మనుష్యునికి కలుగరాదా? అడవిపక్షుల జాడలు, కూతలు, గూళ్లు ఎరిగిన ఈ మనుష్యుల విద్య తక్కువది కాదు. కలివికోడి యను పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడక అంతరించినదనియే లోకము తలచినది. 1986 లో కడప జిల్లా లంకమల ప్రాంతమున అది తిరిగి వెలుగులోనికి వచ్చినది. పండితులు వెదకుచుండగా దానిని చేజిక్కించుకొని చూపినవాడు అచ్చటి వేటగాడే. ఆ తరువాత ఆ పక్షి కొరకు అచ్చట అభయారణ్యము ఏర్పడినది. ఆ విద్యకు పట్టుటలో గాక కాపాడుటలో కూలి దొరకు మార్గమును చూపుట సమాజపు బాధ్యత. పండుగనాడు చిల్లర ఇచ్చుటతో ఆ బాధ్యత తీరదు.

ఇక మిగిలినది అసలు ప్రశ్న. పాలపిట్టపై ఇంతటి భక్తి గల జాతి దానిని ఇన్ని బాధలకు ఎట్లు గురిచేసినది? ద్వేషము చేత కాదు, తెలియమి చేత. దానిని మ్రొక్కినవారు వేలు. అది ఏమి తినునో, ఎచ్చట గూడు కట్టునో తెలిసినవారు కొందరే. అది గింజలు తినదు. తీగపైననో, మోడుపైననో కూర్చుండి నేలను పరికించుచు మిడుతలను, పేడపురుగులను, చిన్న తొండలను పట్టి తినును. కనుకనే అది రైతుకు నెచ్చెలి. ఎండిన చెట్ల తొర్రలలో, తలవిరిగిన తాటిమ్రాకులలో వేసవివేళ గ్రుడ్లు పెట్టును. పొలములలో పురుగుమందు మితిమీరినచో దాని అన్నము పోవును. మోడులను పనికిరానివని నరికినచో దాని ఇల్లు పోవును. 2014 లో ఏర్పడిన తెలంగాణమునకు ఇది రాష్ట్రపక్షి; కర్ణాటక, ఒడిశాలకును ఇదియే. ఇంతటి గౌరవ మున్నను, 2023 లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక ప్రకారము దేశమున పాలపిట్టల సంఖ్య దాదాపు పుష్కరకాలములో 30 శాతము మేర తగ్గినది. గౌరవము ఒక్కటే పక్షిని బ్రదికింపలేదు. తెలిసిన గౌరవము బ్రదికించును.

ఆ నివేదిక తయారైన విధము యువకులకు మిక్కిలి ఉత్సాహకరము. దానికి ఆధారము 30,000 మందికి పైగా సామాన్యులు తమ ఊళ్లలో, తోటలలో, చెరువు గట్లపై చూచి వ్రాసి పంపిన లెక్కలు. అందు విద్యార్థులును ఉన్నారు. అట్లు 942 జాతుల పక్షులను గూర్చి దేశమునకు ఒక ఎరుక కలిగినది. ఏటేట ఫిబ్రవరి మాసమున నాలుగు దినములపాటు జరుగు ప్రపంచ పక్షిగణనలో ఎవరైనను తమ డాబా మీదినుండి పాల్గొనవచ్చును. పదిహేను నిమిషములు కదలక నిలిచి చూచుట చాలును. హైదరాబాదులో 1980 లో ఏర్పడిన పక్షి వీక్షకుల సంఘము, నేటి డెక్కన్ బర్డర్స్, క్రొత్తవారిని వెంటబెట్టుకొని చెరువులకు, అడవులకు వెళ్లుచుండును.

బోరబండ వంటి పేటలోని పిల్లవానికి ఇందు వీలేమున్నదని అనుకొనరాదు. తెల్లవారగట్ల డాబా ఎక్కినచో గోరువంకలు, పిగిలిపిట్టలు, రామచిలుకలు, పైన గిరికీలు కొట్టు గ్రద్దలు కనబడును. కొలదిదూరమున జూబిలీహిల్స్ ప్రక్కనే సుమారు 390 ఎకరములలో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనము కలదు; అందు నెమళ్లు స్వేచ్ఛగా తిరుగుచున్నవి. పేరు తెలిసిన పక్షిపై గులేరు ఎత్తుటకు చేయి రాదు. ఇది అనుభవజ్ఞుల మాట.

గులేరు మాట వచ్చినపుడు ఒక మహనీయుని తలచుట సముచితము. ‘పక్షిమానవుడు’గా ప్రసిద్ధుడైన సాలిం అలీ (1896–1987) బాల్యమున ఒక పిచ్చుకను తుపాకితో కొట్టెను. దాని కంఠముపై పసుపు మచ్చ కనబడుటచే ఇది ఏ జాతిదని అతనికి సందేహము కలిగినది. అతని మేనమామ ఆ ప్రశ్నను త్రోసిపుచ్చక బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పంపెను. అచ్చటి కార్యదర్శి మిలార్డ్ ఆ పిల్లవానిని ఆదరించి, సంఘము సేకరించిన పక్షులనన్నిటిని ఓపికతో చూపెను. ఆ బాలుడే పెద్దవాడై 1931–32 లో హైదరాబాదు సంస్థానమంతట తిరిగి పక్షులను పరిశీలించి గ్రంథస్థము చేసెను. పక్షిని కొట్టిన చేయియే పక్షులకు రక్ష యైనది. నడుమ జరిగినదేమి? ఒక పిల్లవాడు ప్రశ్న అడిగెను. పెద్దవారు సమాధాన మిచ్చిరి. అంతియే.

పిల్లల ప్రేమయు తెలియమి వలన కీడు చేయవచ్చును. గూటి నుండి జారి నేలపై గెంతుచున్న పక్షిపిల్లను దిక్కులేనిదని ఇంటికి తెచ్చి పాలు పోయుదురు, అది మరణించును. తల్లిపక్షి చెంతనే యుండి దానికి మేత పెట్టుచుండునని వారెరుగరు. పిల్లి అందుకొనలేని కొమ్మపై నుంచి దూరముగా తొలగుటయే అచ్చట దయ. సంక్రాంతి నాడు పతంగులెగురవేయుట ముచ్చటైన వేడుక. కాని తెగిన మాంజా చెట్లపై, తీగలపై నెలల తరబడి వ్రేలాడుచు పక్షుల రెక్కలను, మెడలను కోయును. నైలాను మొదలగు సింథటిక్ మాంజాను జాతీయ హరిత న్యాయస్థానము 2017 లో దేశమంతట నిషేధించినది. గాజుపొడి తగలని నూలుదారమును వాడుట, పండుగ మరునాడు వీథి వీథి తిరిగి తెగిన దారమును చుట్టి తెచ్చుట – ఇవి బడిపిల్లలు చేయదగిన పనులు. ఆ చుట్టిన దారపు ఉండ ఒక్కొక్కటి ఒక్కొక్క పక్షికి అభయము.

శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత యదుమహారాజునకు తన ఇరువదినలుగురు గురువులను పేర్కొనెను. అందు పావురము కలదు, కురర పక్షి కలదు. అదే వరుసలో బాలుడును కలడు! పక్షిని, పసివానిని గురుస్థానమున నిలిపిన గ్రంథము వైష్ణవ గృహములలో నిత్యము పారాయణ మగుచున్నది. పంజరము కడ నిలిచిన బోరబండ తాత యెదుట ఆ ఇద్దరు గురువులును ఒకేసారి నిలిచిరి. ఒకరు మాటలతో అడిగిరి. ఒకరు మౌనముగా చూచిరి.

తాత చేయదగినది ఏమన్నది ఇప్పుడు కష్టమైన ప్రశ్న కాదు. ఆచారమును విడువ నక్కరలేదు. ఆచారము ఎచ్చటనుండి బయలుదేరినదో అచ్చటికి దానిని తిరిగి నడిపింపవలెను. పూర్వులు పాలపిట్టను ఇంటికి తెప్పించుకొనలేదు. ఊరి పొలిమేర దాటి తామే దాని కడకు నడచిరి. చిల్లరను సంచిలో వేసికొని, మనుమని చేయి పట్టుకొని, పండుగ మధ్యాహ్నము బస్సెక్కి ఊరి వెలుపలి పొలముల దాక పోవచ్చును. అచ్చట తీగపై మట్టిరంగు పిట్ట యొకటి కూర్చుండి యుండవచ్చును. అది హఠాత్తుగా లేచి ఎగిరినపుడు పిల్లవాడు “తాతా, నీలం!” అని కేక వేయును. ఆ కేక వినుటయే తాతకు ఆ ఏటి విజయదశమి. ఒకవేళ పిట్ట కనబడనిచో, వారు గట్టుపై కొంతసేపు కూర్చుండి, ఆకాశమునకు ఒక నమస్కారము చేసి మరలుదురు. దర్శన మిచ్చుట దాని దయ. వేచియుండుట వారి భక్తి. వచ్చే ఏడును విజయదశమి వచ్చును. అప్పటికి పొలములో పాలపిట్ట ఉండునట్లు చూచుట ఆ మనుమని తరము చేతిలో నున్నది.